స్టూడియో ద్వారం ముందు నిరాహారదీక్ష: నటీమణి శాంతా ఆప్టే జీవితం

షోలాపూర్ నుంచి గుల్బర్గా మీదుగా వాడీ జంక్షన్‌కు సాగే రైలుమార్గంలో దుధనీ అనే చిన్న స్టేషన్ ఒకటి ఉన్నది. అక్కల్‌కోట తాలూకాలోని ఆ ఊరు దాటి కొద్దిదూరం పోతే మహారాష్ట్ర ముగిసి కర్ణాటక మొదలవుతుంది. బొంబాయికీ హైదరాబాదుకూ రాకపోకలు సాగించే మన సరిహద్దు పల్లెలవారిలో ఆ స్టేషన్‌ను రైలు కిటికీలోనుంచి చూడనివారు తక్కువ. ఆ దారిలో షోలాపూర్ చేరితే మరాఠీ, కన్నడ, తెలుగు ఒకే బజారులో వినిపిస్తాయి. తెలంగాణ నుంచి వలసవెళ్ళిన మన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా మగ్గాలు నడుపుతున్న పట్టణమది. ఆ దుధనీలో, ఒక స్టేషన్ మాస్టరు ఇంట, 1916లో ఒక ఆడపిల్ల జన్మించింది. 23 ఏళ్ళ వయసులో ఆమె దేశంలోని అగ్రశ్రేణి చిత్రనిర్మాణ సంస్థ ద్వారం ముందు కూర్చుండి, తన యజమానులకు వ్యతిరేకంగా నిరాహారదీక్ష పట్టింది. ఆమె పేరు శాంతా ఆప్టే.

ఈ తరంవారికి ఆ పేరు అంతగా తెలియకపోవచ్చు. మన తాతల కాలంలో మాత్రం టూరింగు టాకీసులున్న ఊళ్ళలో ఆమె పాటలు తెలియనివారు అరుదు. ఆమె జీవితాన్ని ఈవారం పాఠకుల ముందుంచడానికి కారణం ఆ పాటలొక్కటే కాదు. సినిమా రంగంలో స్త్రీలు యజమానుల మీద ఫిర్యాదు చేయడం, వెంటనే ఆ ఫిర్యాదు పక్కకుపోయి ఫిర్యాదు చేసిన మనిషి గుణగణాలే పత్రికలలో చర్చకు రావడం మనం ఈ మధ్యకాలంలో పదేపదే చూస్తున్నాము. ఇది నిన్నమొన్నటి వింత అనుకొనేవారు శాంతా ఆప్టే కథ తెలుసుకోవలసి ఉన్నది.

తండ్రిగారికి సంగీతం మీద మక్కువ ఎక్కువ. కూతురి గొంతులోని మాధుర్యాన్ని గుర్తించి ఆమెను పండరిపురంలోని మహారాష్ట్ర సంగీత విద్యాలయంలో చేర్పించారు. పండరిపురమంటే మనవారికి వేరే పరిచయం అక్కరలేదు. ఏకాదశులకు భజనమండళ్ళతో నడిచి వెళ్ళే తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఆ అభంగాల ఊళ్ళో శాంతకు శాస్త్రీయ సంగీతం అబ్బింది. అన్నగారైన బాబూరావ్ ఆప్టే ఆమెకు సంరక్షకుడుగా నిలిచారు. మనిషి కఠినుడే. అయితే చెల్లెలి వృత్తిజీవితపు వ్యవహారాలన్నీ ఆయనే చూసుకొనేవారు.

ఆ రోజులలో కుటుంబస్త్రీ సినిమాలలోకి రావడమంటే సామాన్యం కాదు. మరాఠీ రంగస్థలం మీద బాలగంధర్వ వంటి పురుషులే స్త్రీపాత్రలు ధరించి ప్రేక్షకులను మురిపిస్తున్న కాలమది. మూగచిత్రాలలో నటించినవారిని లోకం చిన్నచూపు చూసేది. 1931లో టాకీలు వచ్చిన తరువాత పరిస్థితి మారింది. తెర మీద కనిపించే మనిషే పాడాలి, ఆ పాట అక్కడికక్కడే రికార్డు కావాలి. నేపథ్యగానం అనే పద్ధతి ఇంకా పుట్టలేదు. అందువల్ల పాట వచ్చిన ఆడపిల్లకు ఒక్కసారిగా విలువ పెరిగింది. 1932లో దుర్గా ఖోటే వంటి ఉన్నత కుటుంబస్త్రీ ‘అయోధ్యేచా రాజా’లో తారామతిగా నటించి దారి చూపారు. అదే సంవత్సరం భాల్జీ పెంఢార్కర్ తీసిన ‘శ్యామ్ సుందర్’లో చిన్న రాధగా శాంతా ఆప్టే తెరమీదికి వచ్చారు. ఆ చిత్రంలో కృష్ణుడు షాహూ మోడక్.

తరువాత ఆమె చేరిన సంస్థ ప్రభాత్ ఫిల్మ్ కంపెనీ. 1929లో కొల్హాపురంలో ఐదుగురు భాగస్వాములు కలిసి దానిని స్థాపించారు. దామ్లే, ఫత్తేలాల్, శాంతారామ్, ధాయ్‌బర్ అనే నలుగురు పనివారు. వారికి పెట్టుబడిదారుగా తోడైనవారు కులకర్ణి. 1933లో సంస్థ పుణెకు తరలింది. విశాలమైన ఆవరణ, సొంత ప్రయోగశాల, సొంత ధ్వనిముద్రణ, చెట్లు, కొలను - అన్నీ ఒకే ప్రహరీలోపల. సాంకేతిక నిపుణుడి నుంచి కథానాయిక దాకా అందరికీ నెలజీతాలే. వేళకు రావాలి, వేళకు పోవాలి. దేశమంతటా ప్రభాత్ అంటే క్రమశిక్షణకు మారుపేరు. సంస్థ ఒక పెద్ద కుటుంబమని యజమానులూ చెప్పేవారు, పనిచేసేవారూ నమ్మేవారు. అటువంటి చోట జీతం గురించి గట్టిగా మాట్లాడితే ఇంటి గుట్టు వీధికెక్కించినట్లే.

పుణెలో ప్రభాత్ తీసిన మొదటి చిత్రం ‘అమృత్ మంథన్’ (1934). దర్శకుడు శాంతారామ్. అందులో శాంతా ఆప్టే పోషించిన సుమిత్ర పాత్రతో ఆమె పేరు మరాఠీ, హిందీ ప్రేక్షకుల ఇంటింటికీ పాకింది. అంతవరకూ టాకీలలో పాట వచ్చిందంటే నటీనటులు కదలక మెదలక నిలబడి, మైకు ఎక్కడున్నదో చూసుకొంటూ పాడేవారు. శాంతా ఆప్టే అలా నిలబడలేదు. పాడుతూ కళ్ళు తిప్పారు, చేతులు ఆడించారు, ఒళ్ళంతా పాటకు అనుగుణంగా కదలనిచ్చారు. ఈనాడు చూస్తే అందులో వింత ఏమున్నదనిపిస్తుంది. ఆనాడు మాత్రం అది కొత్త. పాటను నటించవచ్చునని సినిమాకు నేర్పినవారిలో ఆమె ఒకరని చరిత్రకారులు రాశారు.

1936లో ‘అమర్ జ్యోతి’, ‘రాజపుత్ రమణీ’ వచ్చాయి. వాటి గురించి చెప్పవలసింది ఇక్కడ అంతగా లేదు. 1937లో వచ్చిన ‘కుంకూ’ దగ్గర మాత్రం కొంతసేపు ఆగవలసిందే. కుంకూ అంటే మరాఠీలో కుంకుమ. హిందీలో అదే కథను ‘దునియా న మానే’ పేరుతో తీశారు. నారాయణ్ హరి ఆప్టే నవల దానికి మూలం.

నీర తల్లిదండ్రులు లేని పిల్ల. మేనమామ ఆమెను కాకాసాహెబ్ అనే ముసలి వకీలుకు కట్టబెడతాడు. ఆ వకీలుకు ఎదిగిన కొడుకూ కూతురూ ఉన్నారు. తన కంటే చిన్నదైన పిల్ల తాళి కట్టించుకొని ఇంటికి వచ్చింది. కథ ఇంతవరకే అయితే ఆనాటి సినిమాలో ఆమె ఏడ్చి, ఓర్చి, పతిభక్తితో ముసలివాడి మనసు గెలుచుకోవలసింది. నీర ఆ పని చేయదు. ఈ పెళ్ళి నాకు ఇష్టం లేదు, నేనితన్ని భర్తగా అంగీకరించను అని ఇంట్లోనే ఎదురుతిరుగుతుంది. తలుపు వేసుకొంటుంది. తన మీద కన్నువేసిన సవతికొడుకుకు గట్టిగా బుద్ధి చెబుతుంది. చివరకు కాకాసాహెబే తన తప్పు గ్రహించి, ఆమెకు దారి విడిచి ప్రాణం తీసుకొంటాడు. కాకాసాహెబ్‌గా కేశవరావ్ దాతే నటించారు. ఆ ముసలివాడి మీద కూడా మనకు జాలి కలిగేటట్లు చేసిన నటన అది.

గురజాడ వారి ‘కన్యాశుల్కం’ చదివిన తెలుగువారికి ఈ కథలోని బాధ కొత్తది కాదు. లుబ్ధావధాన్లుకు చిన్నపిల్లను కట్టబెట్టే ప్రయత్నం చుట్టూనే ఆ నాటకం తిరుగుతుంది. అయితే అక్కడ పిల్లను తప్పించడానికి గిరీశాలూ, మధురవాణులూ, కరటకశాస్త్రులూ పూనుకొనవలసి వచ్చింది. ఇక్కడ ఆ పిల్లే నోరు విప్పింది. ఆ నోరు శాంతా ఆప్టేది. చిత్రంలో సినిమా వాద్యసంగీతం లేదు. గడియారం చప్పుడు, తలుపు చప్పుడు, వీధిలోని అలికిడి - కథలో నిజంగా వినిపించే ధ్వనులే అంతటా వినిపిస్తాయి. అమెరికా కవి లాంగ్‌ఫెలో ఆంగ్ల పద్యాన్ని కూడా ఆమె అందులో పాడారు. ఆ సంవత్సరం వెనిస్ చిత్రోత్సవానికి ఈ చిత్రం వెళ్ళింది. దేశంలో యువతులు శాంతా ఆప్టేను తమ తరఫున మాట్లాడిన మనిషిగా భావించారు. 1938లో దామ్లే, ఫత్తేలాల్ తీసిన ‘గోపాలకృష్ణ’లో రాధగా మళ్ళీ ఆమె పాట మారుమోగింది.

ఇక్కడ ఆనాటి ఒప్పందాల సంగతి కొంచెం విప్పి చెప్పాలి. నటి ఒక సంస్థతో సంతకం చేసిందంటే ఒప్పందకాలమంతా ఆ సంస్థదే. బయటివారి చిత్రంలో నటించడానికి లేదు. చిత్రం ఎన్ని వారాలు ఆడినా, ఎన్ని భాషలలో అమ్ముడుపోయినా, ఆమెకు వచ్చేది నెలజీతమే. ఒకే చిత్రాన్ని మరాఠీలోనూ హిందీలోనూ తీసేటప్పుడు ప్రతి సన్నివేశమూ రెండుసార్లు నటించాలి, ప్రతి పాటా రెండుసార్లు పాడాలి. పని లేనప్పుడూ రావాలి, ఉన్నప్పుడు రాత్రింబవళ్ళు నిలబడాలి. జబ్బుచేస్తే, గొంతు పోతే ఆ నష్టం ఎవరిది? సెలవు దినాలకు జీతం ఉన్నదా? సంస్థకు విసుగు పుడితే నటిని ఖాళీగా కూర్చోబెట్టవచ్చునా? వీటికి సమాధానాలు ఎప్పుడూ యజమాని చేతిలోనే ఉండేవి. 1936లో వేతనాల చెల్లింపు చట్టం వచ్చింది. అది మిల్లులకూ రైల్వేలకూ ఉద్దేశించినది. ముఖానికి రంగు వేసుకొని దీపాల వేడిలో నిలబడేవారు కూడా పనివారేనన్న ఆలోచన అప్పటికి చట్టానికీ తట్టలేదు, జనానికీ తట్టలేదు.

1939 నాటికి శాంతా ఆప్టేకూ ప్రభాత్‌కూ మధ్య జీతం, ఒప్పందం విషయాలపై తగవు ముదిరింది. ఆమె న్యాయస్థానానికి పోయి సంవత్సరాల తరబడి ఎదురుచూడవచ్చు. నోరు మూసుకొని ఇంట్లో కూర్చోవచ్చు. సాటి నటీమణులు చాలామంది చేసిన పని అదే. ఆమె ఈ రెండూ చేయలేదు. 1939 జూలైలో పుణెలోని ప్రభాత్ స్టూడియో ద్వారం ముందుకు వెళ్ళి, అన్నం మానివేసి కూర్చున్నారు.

ఆ పద్ధతినే ఎందుకు ఎన్నుకొన్నారో ఊహించడం కష్టం కాదు. అదే సంవత్సరం మార్చిలో గాంధీజీ రాజ్‌కోటలో నిరాహారదీక్ష చేశారు, దేశమంతా ఊపిరి బిగబట్టి చూసింది. అంతకుముందు 1932లో ఆయన ఆమరణదీక్ష పట్టిన ఎరవాడ జైలు పుణెలోనిదే. 1938 నవంబరులో బొంబాయి మిల్లు కార్మికులు పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా సమ్మె చేశారు. జీతం రాని మిల్లు కూలి గేటు దగ్గర కూర్చోవడం షోలాపూర్ బజారు ఎరిగిన సంగతే. శాంతా ఆప్టే ఆ గేటునూ ఈ దీక్షనూ కలిపారు. జనం వెండితెర మీద చూసి చేతులెత్తి మొక్కిన రాధ, మిల్లు కూలి కూర్చునే చోటుకు వచ్చి కూర్చున్నది. యజమానులకు మింగుడుపడనిది అదే అయి ఉంటుంది.

వార్త దావానలంలా వ్యాపించింది. చిత్రసీమలో అటువంటిది అంతకుముందు ఎవరూ చూడలేదు. పత్రికలవారు పుణెకు పరుగెత్తారు. ఒక మహాసంస్థ, ఒక మహానటి, మధ్య ఒక ఇనుపగేటు - పత్రికకు అంతకంటే ఏమి కావాలి? అయితే రాసినవారిలో ఎక్కువమంది ఆమె అడిగిన లెక్క జోలికి పోలేదు. ఆమెకు కోపమెక్కువ అన్నారు. నాటకమాడుతున్నది అన్నారు. అన్న చెప్పినట్లు ఆడే బొమ్మ అన్నవారూ ఉన్నారు. మొండిఘటం, ఎవరి మాటా వినదు అన్నవారూ ఉన్నారు. ఆమె అడిగిన జీతం న్యాయమైనదా కాదా అన్నది చూడవలసింది ఒప్పందకాగితంలో. వారు చూసింది ఆమె స్వభావంలో.

ఇదంతా ఏకపక్షంగా చెబుతున్నానని పాఠకులు అనుకోవచ్చు. ప్రభాత్ యజమానులు దుర్మార్గులని నేను అనను. కొల్హాపురంలో చేతితో కెమెరాలు బాగుచేసుకొని, తెరలకు స్వయంగా రంగులు వేసుకొని పైకి వచ్చిన మనుషులు వారు. ‘సంత్ తుకారామ్’ వంటి చిత్రం ఇచ్చిన సంస్థ అది. అందరమూ ఒకే పంక్తిలో పనిచేస్తున్నామని వారు నిజంగానే నమ్మి ఉంటారు. కానీ చిత్రం ఆడితే వచ్చే లాభం భాగస్వాములది, అలసట మాత్రం అందరిదీ. ఈ తేడాను ఇంటిమనిషి ఎత్తి చూపితే ఆ ఇల్లు నొచ్చుకొంటుంది. పైగా సంస్థకు మరో బలమున్నది: తారను మార్చగలదు. అదే సంవత్సరం శాంతారామ్ తీసిన ‘మాణూస్’లో నాయిక మరొక శాంత. మన హుబ్లీ దగ్గర పుట్టిన శాంతా హుబ్లీకర్. చిత్రం గొప్పగా ఆడింది. తెర ఖాళీగా ఉండలేదు.

కొద్దిరోజులలోనే దీక్ష ముగిసింది. ఆ తరువాత శాంతా ఆప్టే ప్రభాత్‌ను విడిచివేశారు. అన్నం ముట్టిన తరువాత కూడా కథ మాత్రం ఆమెను విడువలేదు.

ఆనాటి సినీపత్రికలలో ఆంగ్లంలో వెలువడే ‘ఫిల్మ్ ఇండియా’ది పెద్దపీట. సంపాదకుడు బాబూరావ్ పటేల్. ఆయన కలం తగిలితే చిత్రం కుంటుతుందని నిర్మాతలు భయపడేవారు, తారలు వణికేవారు. ఒకరోజు శాంతా ఆప్టే బెత్తం పట్టుకొని ఆయన కార్యాలయానికే వెళ్ళి, తన గురించి రాసిన రాతలకు సమాధానంగా ఆయనను కొట్టారని ఒక కథ బొంబాయి చిత్రసీమలో దశాబ్దాల తరబడి చెప్పుకొన్నారు. ఎంత నిజమో, ఎంత అతిశయోక్తో ఎవరికి తోచినట్లు వారు చెబుతారు. ఆ కథ అంత సులభంగా జనం నోట నిలిచిపోవడంలో మాత్రం ఒక విశేషమున్నది. ‘కుంకూ’లో సవతికొడుకును దండించిన నీరను చూసినవారే ఈ కథను నమ్మారు. తెరమీది ధైర్యాన్ని చూసి చప్పట్లు కొట్టిన లోకమే, బయట అదే ధైర్యాన్ని చూసి రౌడీతనమని పేరు పెట్టింది. పత్రికలతో తగవు పెట్టుకోవడం తారలకు ఆటవిడుపు కాదని దక్షిణాదిన మనమూ చూశాము. 1944లో మద్రాసులో సినీతారల గుట్టు రాసి బతికిన పత్రికాధిపతి లక్ష్మీకాంతన్ హత్యకు గురైనప్పుడు త్యాగరాజ భాగవతార్, ఎన్.ఎస్. కృష్ణన్ ఇద్దరూ ఆ కేసులో చిక్కుకొని 1947 దాకా జైలులో ఉండవలసి వచ్చింది.

శాంతా ఆప్టే తన మీద వచ్చిన మాటలకు ఇచ్చిన అసలైన జవాబు బెత్తం కాదు, పుస్తకం. 1940లో మరాఠీలో ఆమె ‘జావూ మీ సినేమాత్?’ ప్రచురించారు. నేను సినిమాలో చేరనా అని దాని అర్థం. సినిమాలలో చేరాలని ఉబలాటపడే యువతీయువకులు అడిగే ప్రశ్నకు సమాధానమన్నట్లుగా ఆ పుస్తకం నడుస్తుంది. అలాంటి పుస్తకమంటే తార తన బాల్యం, తన కష్టాలు, తన విజయాలు చెప్పుకొంటుందని కొనుక్కొన్నవారు అనుకొని ఉంటారు. ఆమె రాసింది వేరు. స్టూడియో అంటే ఒక కార్ఖానా. పెట్టుబడి ఒకరిది, శ్రమ మరొకరిది. నటుల శరీరమూ గొంతూ అక్కడ యంత్రభాగాలవలె అరిగిపోతాయి. అరిగిపోయాక వారిని అడిగే నాథుడు ఉండడు - ఇది ఆమె వాదం. సినిమాను కళ అనో, పాపమనో మాట్లాడుకొంటున్న కాలంలో దానిని పని అని పిలిచిన మొదటి భారతీయ నటీమణులలో ఆమెను లెక్కించాలి. చిత్రసీమ చరిత్ర రాసే పండితులు ఆ చిన్న పుస్తకాన్ని ఇటీవలి కాలంలో దుమ్ము దులిపి మళ్ళీ చదువుతున్నారు.

ఆమె అడిగిన ప్రశ్నలకు చట్టం సమాధానం చెప్పడానికి చాలా కాలం పట్టింది. సినీకార్మికుల ఒప్పందాలు లిఖితపూర్వకంగా ఉండాలన్న కేంద్ర చట్టం 1981లో వచ్చింది. పనిచేసేచోట స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించే చట్టం 2013లో వచ్చింది. మలయాళ చిత్రసీమలో స్త్రీల పరిస్థితిని విచారించిన జస్టిస్ హేమ కమిటీ తన నివేదికను 2019 డిసెంబరులో సమర్పిస్తే, అది పేర్లు కొట్టివేసి బయటకు వచ్చేసరికి 2024 ఆగస్టు అయింది. ఒప్పందం లేకపోవడం, జీతం ఎగవేత, నోరువిప్పితే పని దొరకకపోవడం వంటి ఫిర్యాదులు ఆ నివేదికలోనూ ఉన్నాయి.

తిరిగి శాంతా ఆప్టే దగ్గరకు వద్దాము. ప్రభాత్ విడిచిన తరువాత ఆమెను దక్షిణాదికి పిలిచినవారు మన తెలుగువారే. నెల్లూరు వాస్తవ్యులు వై.వి. రావు తమిళంలో ‘సావిత్రి’ (1941) తీస్తూ సావిత్రి పాత్రకు ఆమెను ఎన్నుకొన్నారు. అందులో నారదుడుగా నటించినవారు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి. కల్కి పత్రిక స్థాపనకు ధనం సమకూర్చడానికి ఆమె ఆ పురుషవేషానికి ఒప్పుకొన్నారు. శాంతా ఆప్టేకు తమిళం రాదు. ఆ భాష నేర్చుకొని, తన సంభాషణలు తానే చెప్పి, తన పాటలు తానే పాడారు. ఒక పరాయి భాషలో గొంతు తిప్పడం ఎంత కష్టమో మన సరిహద్దు బడులలో రెండు మూడు భాషల మధ్య నలిగిన పిల్లలకు తెలుసు. కోపిష్ఠి అనీ, క్రమశిక్షణ లేనిదనీ ముద్రపడిన మనిషి చేసే పనేనా ఇది?

ఆ వై.వి. రావు చిత్రాల దారిలోనే మన కాంచనమాల కూడా కనిపిస్తారు. 1939లో, అంటే శాంతా ఆప్టే దీక్షచేసిన సంవత్సరంలోనే, ఆయన తీసిన ‘మళ్ళీపెళ్ళి’లో ఆమె నాయిక. ఆంధ్రదేశమంతా ఆమె బొమ్మను కాలెండర్లలో గోడలకు తగిలించుకొన్నది. 1942లో ‘బాలనాగమ్మ’ సమయంలో ఒప్పందం విషయమై నిర్మాతతో తగవు వచ్చింది. ఒప్పందం బయటి చిత్రాలలో నటించనివ్వదు, లోపల పనీ లేదు. ఆ తరువాత ఆమె ఆరోగ్యమూ వృత్తీ రెండూ చితికిపోయాయి. 1981లో కన్నుమూసేదాకా మళ్ళీ పూర్వపు వెలుగు రాలేదు. పుణెలో ఒకరు, మద్రాసులో ఒకరు. ఒకరు గేటు ముందు కూర్చున్నారు, మరొకరు మౌనంగా ఇంట్లో ఉండిపోయారు.

గేటు ముందు కూర్చున్నందువల్ల శాంతా ఆప్టే నష్టపోలేదని చెప్పలేము. ప్రభాత్ వంటి సంస్థ మళ్ళీ ఆమెకు దొరకలేదు. ‘కుంకూ’ వంటి పాత్ర కూడా దొరకలేదు. అయినా పని ఆగలేదు. 1942లో ‘జమీందార్’, 1943లో ‘దుహాయీ’, 1945లో ‘సావన్’, 1946లో ‘వాల్మీకి’ - ఒక్కొక్క సంస్థతో ఒక్కొక్క చిత్రం. ఏ ఒక్కరి నెలజీతానికీ కట్టుబడకుండా పనిచేశారు. 1946 నాటి ‘సుభద్ర’లో అప్పుడప్పుడే చిత్రసీమలో కాలుపెడుతున్న లతా మంగేష్కర్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి ఆమెతో కలిసి పాడింది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే నేపథ్యగానం స్థిరపడి, తెరమీద నటించేవారు ఒకరు, పాడేవారు మరొకరు అయ్యారు. తన పాట తానే పాడే నటి అవసరం చిత్రసీమకు తీరిపోయింది. శాంతా ఆప్టే వెనుకబడటానికి పత్రికల రాతలకంటే ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం. 1950లలో పౌరాణికాలలో అక్కడక్కడ కనిపించారు. 1958 నాటి ‘రామభక్త విభీషణ్’ తరువాత ఆమె మరి తెరమీద అంతగా లేరు. కుమార్తె నయనా ఆప్టే మరాఠీ రంగస్థలం మీద పేరు తెచ్చుకొన్నారు.

ప్రభాత్ కూడా నిలవలేదు. శాంతారామ్ 1942లో భాగస్వాములతో విడిపోయి బొంబాయిలో రాజ్‌కమల్ కళామందిర్ పెట్టారు. కుటుంబమనుకొన్నది విడిపోయింది, 1953లో సంస్థ మూతపడింది. 1960లో ఆ స్టూడియో ఆవరణలోనే కేంద్రప్రభుత్వం ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించింది. 2015లో విద్యార్థులు సంస్థ అధ్యక్షుని నియామకానికి వ్యతిరేకంగా 139 రోజులు సమ్మె చేసినదీ, వారిలో కొందరు నిరాహారదీక్ష పట్టినదీ ఆ ఆవరణలోనే.

శాంతా ఆప్టే 1964 ఫిబ్రవరి 24న బొంబాయిలోని అంధేరీలో కన్నుమూశారు. వయసు ఇంకా 50 నిండలేదు. అదే నెలలో పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పాటయింది. 2003 జనవరిలో ఇన్‌స్టిట్యూట్ ఆవరణలోని పాత ఫిల్ము గిడ్డంగికి నిప్పంటుకొని, ప్రభాత్ కాలంనాటి నైట్రేటు రీళ్ళు ఎన్నో బూడిదయ్యాయి. ‘కుంకూ’ ప్రతులు మిగిలాయి. ముసలి వకీలు ఇంట తలుపు వేసుకొని, పాట పాడుకొంటున్న 21 ఏళ్ళ శాంతా ఆప్టేను అందులో నేటికీ చూడవచ్చు.